ఆఫ్

నెల్లిమర్ల మిల్లు గేటు కాడ నేర్సుకున్నానీ మాట.
బళ్లో కాదు.

వారానికో రోజు ఆఫ్ అంటే
జనపనార నుసి తల్లోంచి దులుపుకుని
సంపావతి ఇసకలో కాళ్లు సాపుకోడం.

టైం కీపరు సూరపునాయుడు ఆఫ్ అని రాస్తే
సగం కూలి.
రెండూ ఒకటేనా బాబూ అనడిగితే
కాదు, దీనికి ముందు ‘హ’ ఉంది
మీరు మింగేస్తారు, అన్నాడు.
మింగిన అచ్చరానికి
ఎవులి కడుపు నిండింది?

సిన్నీలమ్మా, నానూ
ఒక టీని ఆఫ్ సేసుకునీవోళ్లం.
గళాసు అంచు నాకు, గ్లాసడుగు పంచదార దానికి.

ఓనాడు షెడ్డంతా ఆఫ్.
ఇరవయ్యేళ్ల మోత సెవుల్లోంచి దిగిపోతే
పక్కనున్న దాని ఊపిరి
మొదటిసారి ఇనిపించింది,
పిల్లికూతలాగ.

ఆ ఎండాకాలమే కబురొచ్చింది.
“సిన్నీలమ్మ ఆఫైపోనాది”
గుమ్మంలో నిలబడి సెప్పీసి
సైకిలెక్కీసినాడు కుర్రోడు.
గదిలో లైటు సంగతి సెప్పినట్టు.

ఇప్పుడు మా మనవరాలు
పుస్తకం ఒళ్లో ఎట్టుకుని అడుగుతాది:
ఆఫ్‌కి ఎదురుమాటేటి, అమ్మమ్మా?

దానికి తెలుసు.
నా నోట సెప్పించాలని సూస్తాది.

నాకు రాదన్నాను.