పదకొండు నిమిషాలు

బెలేం ఆసుపత్రి రేకుల మీద మధ్యాహ్నపు వాన.
బెనెడిటో తన దారి తనే తోసుకొచ్చాడు,
నలిగి, బొప్పాయిలా సాగిన తలతో.
లోపల జురేమా అడ్డం తిరిగింది.
పదకొండు నిమిషాలకి
పొట్ట కోసి తీశారు
గుండ్రటి తల, చెక్కుచెదరని ముక్కు,
ఊపిరితిత్తుల్లో ఇంకా పిండని నీరు.

రెండు రాత్రులు గాజుపెట్టె పక్కన
దొరాలిసె ఎగశ్వాస లెక్కపెట్టింది.
డెబ్భై రెండు. అరవై ఎనిమిది. మళ్ళీ డెబ్భై.
కుట్లున్నాయి, నవ్వకు అంది నర్సు.
నవ్వెవరికొచ్చింది?

మూడోనాడు తెరిపి,
ముందు బిడ్డ ఊపిరికి,
తర్వాత వానకి.

ఇప్పుడు ఐదేళ్ళు.
దగ్గు వాడిది. పరుగు దానిది.
డాక్టరు పాత కాగితాలు తిరగేసి
ఇలాగే ఉండాలనేం లేదు అంటాడు.
"నువ్వు తలుపు తీసుకొచ్చావు,
నేను కిటికీ దూకాను"
అంటుంది జురేమా,
అన్న చేతిలో మామిడిముక్క లాక్కుని.