రెండో చుక్క

ఫిన్లాండ్‌లో, కయానీ ఊళ్లో, ఈతకొలను భవనం అడుగున
క్లోరిన్ వాసన మెట్లు దిగివచ్చే గదిలో
చెవి తమ్మెలకు సూది గుచ్చడం నా ఉద్యోగం.
పరిగెత్తేవాళ్లు వస్తారు, ట్రెడ్‌మిల్ ఎక్కుతారు,
మూడేసి నిమిషాలకోసారి నేను బెల్టు ఆపి
నెత్తురు అడుగుతాను.

మొదటి చుక్క తుడిచేస్తాను.
అందులో చెమట ఉంటుంది, స్పిరిట్ ఉంటుంది,
వచ్చిన మనిషి కంగారు కూడా ఉంటుందేమో.
రెండో చుక్కకే లెక్క.

ఫిబ్రవరిలో ఆస్కో పీరాయినెన్ వచ్చాడు.
పోస్ట్‌మాన్. నలభై మూడేళ్లు.
తలుపు తీస్తూనే మణికట్టు చాపాడు,
కూతురి మార్కుల కాగితం చూపించినట్టు.
"నూట డెబ్బై రెండు" అన్నాడు.
వాచీ చెప్పిందట, నీ గడప అక్కడుందని.
కిలోమీటరుకి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
అందాకా కాళ్లు చెప్పినట్టు వింటాయి,
దాటావా, అప్పు మొదలు.

నేనేమీ అనలేదు.
మా ఊళ్లో ఏమీ అనకపోవడం మర్యాద.
పట్టీ తడిపి ఛాతీకి కట్టాను.

నెత్తురు గీత ఐదు మెట్ల దాకా పడుకునే ఉంది.
ఆరో మెట్టు దగ్గర ఒళ్లు విరుచుకుంది.
ఏడో దానికి లేచి నిలబడింది.
నూట యాభై తొమ్మిది.
కిలోమీటరుకి నాలుగు ముప్పై నాలుగు.

"నీ మీటరు పాతది" అన్నాడు.
నిజమే. పాతదే.

వాచీలో దాచుకున్న పరుగులన్నీ తెరిపించాను.
జనవరి పొడుగునా మైనస్ పద్దెనిమిది.
చలికి నెత్తురు చేతులు ఖాళీ చేసి
లోపలి గదుల్లోకి వెళ్లిపోయిన రోజులు.
వాచీ అడుగున పచ్చదీపం
చర్మంలో తడుముకుంది, నాడి చిక్కలేదు,
చిక్కిన చప్పుడునే పట్టుకుంది.
ఇదిగో చూడు, ప్రతి పరుగులోనూ
ఒకదాని మీద ఒకటి రెండు గీతలు:
నిమిషానికి అడుగులు, నూట డెబ్బై రెండు.
నిమిషానికి గుండె, నూట డెబ్బై రెండు.
నెలంతా అది లెక్కపెట్టింది
నీ బూట్లని, ఆస్కో.

చాలాసేపు చూశాడు.
"మంచి బూట్లే" అన్నాడు.

ఇక్కడ ఆపేస్తే నేను గెలిచినట్టుంటుంది.
అంతకుముందు గురువారం ఒక స్కీ పిల్ల, ఐలా,
మీటరులో ఆరు పాయింట్ మూడు. పిల్లేమో ఈల వేస్తోంది.
మళ్లీ గుచ్చితే మూడు పాయింట్ నాలుగు.
ఆ రోజు తుడవడం మరిచింది నేనే.
పోనీ నాలుగు దగ్గర గడప అన్నారు కదా,
అదీ ఎవరో ఎందరినో కలిపి తీసిన సగటు.
ఓలు నుంచి నెలకోసారి వచ్చే డాక్టరు మూడు దగ్గరే గీస్తాడు.
అదే మనిషి, అదే కాగితం, రెండు గడపలు.
రెండు రోజులు రొట్టె మానేసి వచ్చినవాడికి
గడప తనంతట తనే జరిగి కూచుంటుంది.

ముసలి ఉర్హోకి ఏ పరికరమూ లేదు.
పరిగెడుతూ మాట్లాడగలిగితే గడప ఇవతలున్నట్టు, అంటారు.
మా కుర్రాళ్లు కూచున్నా మాట్లాడరు.
అందుకని పక్కన సైకిలు తొక్కుతూ
ఊపిరి వింటాడు, మంచు మీద అడుగుల కరకర వింటాడు,
ఉన్నట్టుండి "ఇక్కడ" అంటాడు.
చాలాసార్లు నా గీతా అక్కడే లేస్తుంది.
ఆయనకి ఎడమ చెవి వినపడదు.
కుడివైపు పరిగెత్తేవాళ్లకే గడప ఉంటుంది.

"శనివారం సరస్సు మీద పందెం.
ఏ అంకె పట్టుకుని పోను?"
నూట యాభై తొమ్మిది అని పెన్నుతో రాశాను.
పక్కన, పెన్సిలుతో, సుమారు.

శనివారం మైనస్ ఇరవై రెండు.
వాచీ తొడుగు లోపలికి తోసేశాడని విన్నాను.
ఆదివారం ఒక మెసేజ్:
"పదహారో కిలోమీటరు దగ్గర తెలిసింది."
ఏం తెలిసిందో రాయలేదు.

సోమవారం మా వీధిలో ఉత్తరాలు
పదకొండింటికి రాలేదు.
రెండింటికి వచ్చాయి.
కిటికీలోంచి చూశాను,
మా మూడు మెట్లూ
కమ్మీ పట్టుకుని, పక్కవాటుగా, వెనక్కి తిరిగి దిగుతున్నాడు.