ఛార్జీకి బదులు

ఆఖరి ట్రిప్పుకి ఎక్కిందామె,
చేపల మార్కెట్లో ఐసు పగలగొట్టే ఫిదెల్మా.
పర్సు తలకిందులు చేసింది, చిల్లర రాలలేదు.
స్వెటరు జేబులోంచి ఒక గుడ్డు తీసి
నా అరచేతిలో పెట్టింది.
నీలం గుడ్డు.
దక్షిణాన వాళ్ళక్క పెంచే కోళ్ళు అలాగే పెడతాయట.
ఇంకా వెచ్చగా ఉంది.
కోడి వెచ్చదనం కాదు, జేబుది.

రూలు ప్రకారం గుడ్డుకి టిక్కెట్టు లేదు.
నా డబ్బు వంద పెసోలు గల్లాలో వేసి
టిక్కెట్టు ఇవ్వబోతే
"కాగితం నాకెందుకు, పైకి చేర్చు చాలు" అంది.

వల్పరైసోలో ఈ కొండబండి నడపబట్టి పదకొండేళ్ళు.
ఒక పెట్టె పైకి పోతుంటే ఇంకోటి కిందికి,
ఒకే తాడుకి రెండు కొసలు.
నడిమధ్యన ఒక్క క్షణం
కిటికీకి కిటికీ ఎదురవుతుంది.
నేనూ ఒతీలియా కూడా అంతే.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ ఆవిడది.
మెట్ల మీద ఎదురై, తాళంచెవి నా చేతిలో పెట్టి
"ఏదైనా వండుకో" అంటుంది.
"ఏదైనా" ఎలా వండాలో మాత్రం చెప్పదు.

ఇవాళ ఏదైనా అంటే
సగం కారెట్, వడలిన ఉల్లికాడలు,
ఎంత కడిగినా ఇసుక వదిలే గుప్పెడు పాలకూర,
మొన్న ఉడికించి మరిచిపోయిన బంగాళాదుంప.
ఇంట్లో ఉన్న రెండు గుడ్లూ మామూలువే.

నీలం దాన్ని చివరిదాకా పక్కన పెట్టాను.
గిన్నె అంచుకి కొట్టడానికి చేతులు రాలేదు.
కొట్టాను.
లోపల అదే పచ్చసొన.
ఏం చూద్దామనుకున్నానో నాకే తెలీదు.

ఫోర్కు టకటకలకి పక్కింటి కుక్క మొరిగింది.
ముందు కూరలు మగ్గాలి, నీళ్ళు ఇంకాలి,
ఇది ఒతీలియా మాట.
ఆకలి నా మాట. ముందే పోసేశాను.

అంచులు లేచాయి, నడుమ ఇంకా తడి.
తిప్పడం ఉందే, అదీ అసలు పని.
పెనం మీద పళ్ళెం బోర్లించి, ఊపిరి బిగబట్టి,
ఒక్క కుదుపు లేకుండా
ఊరందరినీ కొండెక్కించే ఈ చేతులతోనే
తిప్పాను.

సగం పళ్ళెంలోకి వచ్చింది.
సగం పెనాన్ని వదల్లేదు.

గీకి తీసిన ముక్కలు నావి.
నిలబడే తిన్నాను, రొట్టెతో పెనం తుడిచి.
అడుగంటిన చోట కారెట్ తీపెక్కింది.
ఆ సంగతి ఆవిడకి చెప్పను.
కింద రేవులో పొగమంచుకి ఓ ఓడ
గొంతు సవరించుకుంది.

చెదరని సగం మీద గిన్నె మూతపెట్టాను.
రెండింటికి వస్తుంది, వేళ్ళ నిండా బ్లీచింగ్ వాసనతో.
"నీలం గుడ్డా? ఎవరికి చెప్తావ్" అంటుంది.
అందుకే పెంకు రెండు చిప్పలూ కడిగి
గిన్నె పక్కన ఆరబెట్టాను.
వాటి కింద
ఎవరూ తీసుకోని టిక్కెట్టు:
ఒక మనిషికి, పైకి, ఒక్కసారికి.