గోడ మీద పెన్సిల్ గీతలు

అస్మరా వీధుల్లో పొగమంచు ఇంకా విడవని వేళ
అబ్రెహెత్ ఇద్దరు కూతుళ్ళతో కొట్టుకొచ్చింది.
కవలలు. రిగాత్, మిజాన్.
పక్కపక్కన నిలబెట్టి తలల మీద పళ్ళెం పెడితే
కాఫీ తొణకదు.

"ఒక్క సైకిలే కొనగలను తెకెస్తే" అంది.
"ఎత్తొకటే కాబట్టి ఇద్దరికీ సరిపోతుంది.
ఆ పెద్ద ఎర్రది దించు. ఎదిగే పిల్లలు."

అమ్మా, సైకిలేమీ బడి గౌను కాదు
అంచు మడిచి కుట్టి ఏడాదికోసారి విప్పుకోడానికి.
పెద్ద ఫ్రేము మీద పిల్ల ఎదగదు,
సాగుతుంది.

ఎత్తుని నమ్మను నేను.
నూట అరవై ఎనిమిదని ఇద్దరికీ ఒకే మాట చెబుతుంది,
అందులో కాళ్ళ వాటా ఎంత, మొండెం వాటా ఎంత అంటే
నోరు మెదపదు.

చెప్పులు విప్పాలి. వీపు గోడకానించాలి.
గట్టి అట్ట పుస్తకమొకటి కాళ్ళ మధ్య పెట్టి
సీటు తగిలే చోటికి పైకి నొక్కి పట్టాలి.
నా అరువుల ఖాతా ఇచ్చాను,
అంత గట్టి అట్ట ఈ వీధిలో లేదు.
తెర వెనక తల్లే కొలిచింది, గోడ మీద తనే గీసింది.
నేను అంకెలు విన్నానంతే.

రిగాత్‌కి ఎనభై ఒకటి.
మిజాన్‌కి డెబ్బై ఆరు.
"పొరపాటు" అంది అబ్రెహెత్. మళ్ళీ కొలిచింది.
మళ్ళీ అంతే.

పదిహేనేళ్ళుగా ఒకే అచ్చనుకున్న పిల్లలు
బయటికొచ్చి ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకున్నారు.
బెంచీ మీద కూర్చుంటే మిజాన్ తల మూడు వేళ్ళు పైన.
సినిమా హాల్లో వెనకవాళ్ళు
తననే ఎందుకు కసిరేవారో
ఇప్పుడు తెలిసొచ్చింది దానికి.

కాళ్ళు చూస్తే రిగాత్‌కి యాభై నాలుగు.
కానీ ఆ ఫ్రేము పై గొట్టం
దాని పొట్టి మొండేనికి మరీ బారు,
హ్యాండిలందుకోబోయి
దండెం మీది చొక్కాలా వేలాడుతుంది.
యాభై రెండు తీశాను. బూడిదరంగుది, పెచ్చులూడినది.
హ్యాండిల్‌కి రెండు మెడలిచ్చాను,
పొట్టిది రిగాత్‌కి, పొడుగుది మిజాన్‌కి.
సీటు కింది కడ్డీ మీద గోళ్ళరంగుతో రెండు గీతలు,
నడుమ రెండు వేళ్ళ మీద కాస్త ఎడం.
ఆరు పలకల తాళంచెవి అబ్రెహెత్ చేతిలో పెట్టి
"పొద్దున్నే ముందు లేచినవాళ్ళ గీత" అన్నాను.
వీధి మలుపు తిరిగేలోపే తగువు మొదలైంది.

నాకు మాత్రం ఎవరూ కొలిచి ఇవ్వలేదు.
అన్సెల్మో అని ఇటలీ మెకానిక్,
దేశం విడిచిపోతూ వదిలేసిన బండి.
అతను ఆజానుబాహువు. ఫ్రేము అరవై.
మొదట బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కాను,
తర్వాత బారు మీద, తుంటి అటూ ఇటూ జారుస్తూ,
నలభై ఏళ్ళు.
నెఫాసిత్ మలుపులన్నీ దిగాను, ఎక్కాను.
చిటికెన వేళ్ళు మొద్దుబారితే
చలి అనుకున్నాను.
నడుం పట్టేస్తే వయసన్నాను, ముప్పై రెండేళ్ళకే.
ఇంకొకడి కొలతలోకి ఒళ్ళు వంచుకోవడాన్ని
అలవాటన్నాను, గొప్పగా చెప్పుకున్నాను కూడా.

షట్టరు దించాక చెప్పులు విప్పాను.
ఖాతా పుస్తకం నొక్కిపట్టి
చెయ్యి వెనక్కి తిప్పి గుడ్డిగా గీసుకున్నాను.
డెబ్బై నాలుగు.
మిజాన్ గీత కింద, వంకరగా.

యాభై చాలు నాకు.
డెబ్బై ఒకటో ఏట తెలిసింది, పది సెంటీమీటర్ల సంగతి.
అటక మీద యాభైది ఒకటి ఉండాలి,
చిన్నపిల్లలదని ఎవరూ కొనలేదు.

నిచ్చెన ఎక్కడ పెట్టానో.