గది చూపిస్తూ

ఆ పెట్టె ఇలా ఇవ్వు. ఒక చక్రం ఎప్పుడో రాలిపోయినట్టుంది,
మిగిలిన ఒక్కటీ మా వీధంతటినీ నిద్ర లేపుతోంది.
నా పేరు దేషా. బస్సుల దగ్గర అట్టముక్క పట్టుకుని
నిలబడ్డ ఆడవాళ్ళలో నేనే పొట్టిదాన్ని,
అందుకే ముందు వరసలో ఉంటాను.

ఇవాళ యుగో గాలి. దక్షిణం నుంచి, తడితడిగా,
తలలో ఎవరో పిండి రుబ్బుతున్నట్టు.
ఈ గాలి వీచే రోజుల్లో పూర్వం దుబ్రోవ్నిక్ పెద్దలు
ఏ తీర్మానమూ చేసేవారు కారట.
నీకు మాత్రం తప్పదు. చీకటి పడేలోగా
ఎక్కడ తలదాచుకుంటావో తేల్చుకోవాలి.

అబద్ధం చెప్పి అద్దె పుచ్చుకునే అలవాటు లేదు నాకు.
ఒక్కసారి చెప్పాను, సముద్రం కనిపిస్తుందని.
కనిపిస్తుంది కూడా,
స్నానాలగది కిటికీలోంచి, కుర్చీ ఎక్కితే.

కోటగోడ లోపల ఉంటావా,
నూట నలభై రెండు మెట్లు. మనం ఎక్కినవి అరవై.
లెక్క నాది కాదు, నా మోకాళ్ళది.
గంట గంటకీ గంట.
పొద్దున్నే ఓడలు దిగినవాళ్ళు జెండా మనిషి వెనక వచ్చి
తీగ మీద ఆరేసిన నా లోపావడాకు ఫొటోలు తీస్తారు.
ఎన్ని దేశాలు తిరిగిందో అది,
నేను జాగ్రెబ్ దాటలేదు.
రొట్టెల కొట్టు ఉన్నచోట
ఇప్పుడు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మలు అమ్ముతున్నారు.
ఉల్లిపాయ కావాలంటే కోట దాటాలి.

కానీ రాత్రి, ఆఖరి హోటలువాడు కుర్చీలకు గొలుసు వేసి వెళ్ళాక
చెప్పులు చేత్తో పట్టుకుని స్త్రాదున్ మీద నడువు.
ఎన్ని వందల ఏళ్ళ పాదాలు తోమిన రాయో,
పగటి ఎండ ఇంకా అందులో ఉంటుంది,
పాలు దించిన పొయ్యిలా.

బయటే కావాలంటే మా ఆడపడుచు నీకె ఉంది, లాపాద్‌లో.
లిఫ్టు, కారు పెట్టుకోను చోటు, చల్లటి గది,
బస్సు ఇంటి ముందే ఆగుతుంది.
ఒళ్ళెరగని నిద్ర పడుతుంది. పొద్దున లేచి
ఇది ఏ ఊరు అని అడిగినవాళ్ళున్నారు.
నీకె నాకు కమిషన్ ఇవ్వదులే,
అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

అటు మా కప్పు చూడు. ఆ ఎర్రెర్రటి పెంకులు
తొంభై ఒకటి డిసెంబరు తర్వాత వేసినవి,
మట్టిరంగువి పాతవి.
సగం నెరిసిన జుట్టుకు సగం రంగేసినట్టు.
అందరూ అడుగుతారు, అప్పుడు మీరెక్కడున్నారని.
కింద, నూనె జాడీల మధ్య. పదకొండుమందిమి.
ఇప్పుడక్కడ వాషింగ్ మెషీను పెట్టాం.

ఇదిగో గది. మంచం గట్టిది, నా పెళ్ళినాటిది.
మే నుంచి అక్టోబరు దాకా నీలాంటివాళ్ళదే.
నేనా? కింద, మెషీను పక్కన మడతమంచం.
అది తిరుగుతుంటే ఓడలో పోతున్నట్టే ఉంటుంది,
టిక్కెట్టు లేకుండా.
అయ్యో అనకు. ఆ మూల నాకు కొత్త కాదు.

నవంబరు వస్తే ఈ వీధిలో
నేనూ, ఎదురింటి వ్లాహో, లెక్కలేనన్ని పిల్లులూ.
దీపాలు పెట్టే వేళ వ్లాహో కిటికీలోంచి అరుస్తాడు,
"ఈ రాత్రి ఎక్కడ బస?"
అప్పుడు ఎంచుకుంటాను నేను.
ఒక రాత్రి నారింజచెట్టు వైపు గది, ఒక రాత్రి వీధి గది.
ఉతికిన దుప్పటి పరిచి, తువ్వాలు హంసలా మడిచి,
ఎవరో మర్చిపోయిన దువ్వెన సొరుగులోనే ఉంచి,
కుర్చీ ఎక్కి ఒక్కసారి సముద్రం చూసి పడుకుంటాను.
నిద్ర మాత్రం సరిగ్గా పట్టదు,
పరాయి ఇంట్లో ఉన్నట్టు.

తేల్చుకున్నావా?
గాలి ఇంకా మారలేదు. తొందరేం లేదు, కూర్చో.
ఎండబెట్టిన అంజీరు పళ్ళున్నాయి.
అవి అద్దెలో కలపను.