అవునూ కాదూ మిషను

బరంపురంలో కొన్నాను,
ఐదువేల ఎనిమిది వందలు.
సగం నాది, సగం ప్లంబరు భగబాన్ సాహుది.
పర్లాకిమిడి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చాను.
అట్టపెట్టెలో ఎవరో నిద్రపోతున్నట్టు
పక్క సీటాయన జరిగి చోటిచ్చాడు.

ఇంటికొస్తే నీలవేణి:
"ఏటి సేస్తాదిది?"
కోస్తాది, గీకుతాది, అరగదీస్తాది అన్నాను.
"రంపం నేదేటి? ఉలి నేదేటి?
మావయ్య బాడిస అటక మీద ఏడుస్తంది, అదేటి మరి?"

ప్లగ్గు పెట్టి స్విచ్చి నొక్కాను.
గుండ్రంగా తిరగదు ఇది.
ముందుకీ వెనక్కీ పోదు.
పళ్ళున్న రేకు ముక్క
అటు నూలెడు కాదు, ఇటు నూలెడు కాదు,
కంటికి ఆననంత జోరుగా
తల అడ్డంగా ఊపుతూనే ఉంటుంది.
మా ఊళ్ళో ఒడియా ఆయనైనా తెలుగాయనైనా
కూలి బాకీ అడిగితే ఇలాగే ఊపుతాడు.
అవునో కాదో
ఏ భాషలోనూ తేలదు.

చప్పుడు కందిరీగల తుట్టె.
మొదటి రోజు రాత్రి
అన్నం ముద్ద కూడా వేళ్ళ మధ్య వణికింది.

దేనికి పనికొస్తుందో చెప్తాను.
పాతింటి గచ్చు మీద టైల్సు పరిపిస్తారు,
నేల అరంగుళం లేస్తుంది,
ద్వారబంధం కాళ్ళు అరంగుళం పొట్టివి కావాలి.
గోడని కరుచుకుని నిలబడ్డ కాలిని
ఏ రంపంతో కొయ్యను?
పిడి పట్టిన గుప్పిటకే చోటుండదు.
ఇదైతే నేల మీద బోర్లా పడుకుని
నాలికలా దూరిపోతుంది.
భగబాన్ సింకు వెనకాల
గోడకి ఆనిన పైపు తెగ్గోసి, లేచి నిలబడి,
"ముప్పై ఏళ్ళుగా నా నడుం ఎక్కడ పోతోందో
ఇప్పుడు తెలిసింది భాయి" అన్నాడు.

అయితే మిషను ఒకసారి కొంటాం,
రేకులు కొంటూనే ఉంటాం.
ఒక్కోటి మూడువందల యాభై.
టేకైతే వారం నడుస్తుంది.
ఇక్కడి పాత గుమ్మాలు గుగ్గిలం కర్రవి,
ఒక్కో గుమ్మం ఒక్కో రేకుని నమిలేస్తుంది.

మొన్న గుణుపురంలో పాణిగ్రాహి మాస్టారింట్లో
మూడో గుమ్మం దగ్గర
సగం దూరిన రేకు కెవ్వుమంది.
నిప్పురవ్వ.
బయటికి తీస్తే బోసినోరు.
లోపల మేకు.
ఏ వెధవ కొట్టాడ్రా అని నోటిదాకా వచ్చింది.
టార్చి వేసి చూశాను:
మేకు మొన పక్కకి వంచి, తల లోపలికి దించి,
జిగురులో పొట్టు కలిపి పూడ్చి,
పైన రంగు.

ఆ వంపు నా చేతిది.
ఇరవైరెండేళ్ళ కిందట
నాన్న జ్వరంతో పడుంటే
ఒక్కణ్ణే దింపిన మొదటి గుమ్మం.
కాలి అడుగున కర్ర చీలింది,
వేరే దూలానికి డబ్బు లేదు,
మేకుతో దాని నోరు మూయించాను.
ఆ రోజు మాస్టారి తండ్రి పని మెచ్చుకుని
అంచు పంచె పెట్టారు.

"కణ హెలా?" అని మాస్టారు తొంగి చూశారు.
పాత మేకండీ, అన్నాను.
ఎవరు కొట్టారని అడగలేదాయన.
రేకు ఖర్చు బిల్లులో వెయ్యలేదు.
సగం ఇస్తానన్న భగబాన్‌ని వద్దన్నాను,
అతనికా లెక్క ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎలక్ట్రీషియన్ దండాసి రోజూ అడుగుతున్నాడు,
కొనుక్కోవచ్చా అన్నా అని.
రోజూ గుమ్మాల కింద పాకేవాడివైతే కొను.
ఇనుము తగిలినా ఆగని రేకు ఒకటి
ఖరీదైనా సరే, జేబులో ఉంచు,
పాత కర్రలో ఎవరి చెయ్యి దాక్కుందో తెలీదు.
ఇంట్లో ఒక్క అలమారు బిగించడానికైతే వద్దు,
నాది తీసుకెళ్ళు,
రేకు నీది నువ్వే తెచ్చుకో.

పెట్టిన డబ్బు గిట్టిందా అంటావా,
ఉండు,
స్విచ్చి నొక్కి దాన్నే అడుగుదాం.