ఏడో మీటరు

ఒసాకాలో క్యోబాషి స్టేషన్ దిగి
రైలు వంతెన కింద నడిచేటప్పుడు
ఆవిడ బోర్డుల వంక చూడదు.
గోడ వారగా, మోకాలెత్తున,
తుప్పు పట్టిన గొట్టాల్ని చూస్తూ పోతుంది.

ముప్పై ఒక్క ఏళ్లు గ్యాస్ మీటర్లు చదివిన మనిషి
సుగితాని కినుయే.
రిటైరయ్యాక అవే సందుల్లో, అవే బూట్లతో
మాలాంటి వాళ్లను వెంటేసుకుని తిప్పుతోంది.
"మీటరుందంటే పొయ్యి ఉంది.
పొయ్యుందంటే పక్కన ఎవరో తాగుతున్నారు.
ఈ వరసలో ఏడున్నాయి, రండి."
ఆవిడ చెప్పిన ఊరి చరిత్ర అంతే.

మొదటి తలుపు తలుపులా లేదు.
బీరు పెట్టెలు పేర్చిన మూల,
పక్కకు తిరిగితే తప్ప పట్టని గొంది,
చివర్న వేలాడుతూ నీలం గుడ్డ.
నోరెన్ అంటారట.
మాలో ఆరున్నర అడుగుల నార్వే ఆయన ఉన్నాడు,
దారంతా తన కంపెనీ గొప్పలు చెప్పినవాడు,
ఆ గుడ్డ ముక్క ముందు వంగి వంగి లోపలికొచ్చాడు.

ఆరు స్టూళ్లు, ఏడుగురు మనుషులు.
ఎవరూ లేవలేదు. అందరూ జరిగారు.

కూర్చున్నామో లేదో
గవ్వంత గిన్నెల్లో ఉడికిన ముల్లంగి.
అడగందే అమ్మైనా పెట్టదని మా సామెత,
ఇక్కడేమిటీ మర్యాద, అని నేను మురిసిపోతుంటే
"బిల్లులో ఉంటుందిలే" అంది కినుయే.

పక్కన టై వదులు చేసుకున్న పెద్దాయన
"తొరియేజు, బీరు" అన్నాడు.
ప్రస్తుతానికి, బీరు.
ఎన్నేళ్లుగా వస్తున్నారని అడిగించాను.
ఇరవై ఆరు.
ఇరవై ఆరేళ్లుగా, ప్రస్తుతానికి.

తాళాలు చేసే కొట్టు మీద రెండోది.
నిచ్చెనకి మెట్లని పేరు పెట్టారు.
కౌంటర్ వెనక నిలబడ్డ ముసలావిణ్ణి
అందరూ "మామా, మామా" అంటుంటే
నాకు మా మేనమామ మీసాలు కళ్లముందాడి
నవ్వాపుకోలేకపోయాను.
ఆవిడ వెనక అరల నిండా సగం తాగిన సీసాలు,
బడిపిల్లల్లా మెడలో పేర్లు కట్టుకుని.
ఒకదాని మీద అక్షరాలు చెరిగిపోయాయి.
"ఎవరిది?"
"నాగసాకి బదిలీ అయ్యాడు. తొమ్మిదేళ్లు. వస్తాడు."
"రాకపోతే?"
మామ ఆ సీసా తీసి, దుమ్ము తుడిచి,
పేరు మావైపు తిప్పి మళ్లీ అక్కడే పెట్టింది.

మూడో చోట చెక్కపెట్టెలో గ్లాసు పెట్టి
సాకే పొర్లేదాకా పోశారు.
ఒకప్పుడు బియ్యం కొలిచిన పెట్టట అది,
మన సోలకి వేలువిడిచిన చుట్టం.
కొలిచే దాంట్లోనే కొలత తప్పించి పోయడం
ఎవడికి తట్టిందో, వాడు చల్లగా ఉండాలి.

మధ్యలో రెండు నాకు గుర్తులేవు.
అబద్ధమెందుకు.
ఒకచోట వాన మొదలైంది.
ఒకచోట నార్వే ఆయన ఏడ్చాడు,
అతనికి చేపముల్లు తీసి పెట్టినవాడు ఆ ఊరి ప్లంబరు.

ఆరోది పగలు మంగలిషాపు.
రాత్రి దువ్వెనలు పక్కకు జరిపి
షోచూ అమ్ముతాడు నిషివాకి అనే కుర్రాడు.
ఎదురుగా నిలువెత్తు అద్దం.
మమ్మల్ని మేమే చూస్తూ తాగాలి.
అందుకేనేమో, అక్కడ ఎవరూ రెండోది అడగలేదు.

పదకొండు కావస్తుంటే
గొర్రెల్ని తోలినట్టు స్టేషన్ దాకా తోలింది.
"ఏడన్నారు కదా?"
"ఏడే."
"మేం ఆరు చూశాం."
టోపీ సర్దుకుంది. గేటు వైపు చెయ్యి చూపింది.
"మీ రైలు."

ప్లాట్‌ఫారం పైనుంచి ఆ సందు సన్నగా కనిపిస్తోంది.
వానలో చిన్న టార్చి వెలిగింది.
గోడ పక్కన గొంతుక్కూర్చుని
మీటరు ముఖం మీద వెలుగు వేసి
చదువుకుంటోంది కినుయే,
లోపల పొయ్యి వెలిగే ఉందో లేదో.
లేచి, బూట్లు రాసుకుని,
మాకు కనపడని దేనికో తల వంచింది.

అంతలో రైలు అడ్డం వచ్చింది.